వైద్యం పేరుతో వ్యాపారం: దుకాణం తెరిచే ముందు కొన్ని మాటలు



ఈ మధ్య మా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలవారు జబ్బుల గురించే కాక మరొక విషయం కూడా అడుగుతున్నారు. "మా అబ్బాయి డిగ్రీ చదివి రెండేళ్లయింది, ఉద్యోగం రాలేదు. మూలికా మందుల షాపు పెడతానంటున్నాడు, మీరేమంటారు?" "మా కోడలు ఆక్యుప్రెషరు నేర్చుకుంది, వీధి గదిలో సెంటరు తెరవవచ్చా?" "ఒక కంపెనీవాళ్లు ఆరోగ్య పొడులు ఇస్తామంటున్నారు, ముందుగా యాభై వేలు కట్టాలట, కట్టమంటారా?" ఇవీ ఆ ప్రశ్నలు. ఓ.పి. హడావుడిలో నిలబడి ఒక్కొక్కరికి సగం సగం జవాబు చెప్పే కంటే, అందరికీ పనికివచ్చేలా మా అభిప్రాయం ఈ పత్రికలో రాయడం మంచిదనుకున్నాము.

ఇంగ్లీషు వైద్యం చేసే ఆసుపత్రి గనుక మేము మిగిలిన వైద్యాలన్నిటినీ కొట్టిపారేస్తామని కొందరు అనుకుంటారు. అలా ఏమీ లేదు. అయితే ఈ వ్యాపారానికీ, బట్టల కొట్టుకూ, కిరాణా కొట్టుకూ ఒక పెద్ద తేడా ఉంది. చీర రంగు వెలిస్తే కొన్నవాళ్లకు ఇంటికి వెళ్లగానే తెలుస్తుంది. పప్పులో రాళ్లుంటే వండేవాళ్లకు తెలుస్తుంది. మందు మంచిదో కాదో కొన్న మనిషికి తెలియదు. కొన్నిసార్లు అమ్మిన మనిషికీ తెలియదు. సరుకును పరీక్షించే శక్తి లేని మనిషి, నొప్పితో, భయంతో, అప్పు చేసిన డబ్బుతో మన ముందు కూర్చుంటాడు. అందుకే ఈ వ్యాపారం మొదలుపెట్టేవారికి మిగతా వ్యాపారుల కంటే ఎక్కువ నియమాలు ఉండాలని మా అభిప్రాయం.

ఆకులో మందు లేదని ఎవరన్నారు?

సర్పగంధి మన దేశపు మొక్క. తరతరాలుగా మన వైద్యులు దీని వేరును వాడేవారు. ముంబయికి చెందిన డాక్టర్ రుస్తోం జాల్ వకీల్ ఆ వేరును అధిక రక్తపోటు ఉన్నవారికి ఇచ్చి, ఫలితాలను లెక్కగట్టి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. ఆ తరువాత దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. బి.పి.కి సరైన మందులు లేని ఆ రోజుల్లో అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అలాగే చైనా శాస్త్రవేత్త తు యూయూ, మన మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఒక మొక్క నుంచి మలేరియా మందును వెలికితీసినందుకు 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈనాడు మలేరియా రోగులకు ఇచ్చే ముఖ్యమైన మాత్రలు ఆ మందు నుంచి వచ్చినవే.

ఈ రెండు కథల్లోనూ ఆకును ఆకుగా వదిలేయలేదని గమనించండి. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎవరికి పనిచేసింది, ఎవరికి పనిచేయలేదు, ఎవరికి హాని జరిగింది అన్నది రాసి పెట్టుకున్నారు. సర్పగంధి మందు కొందరిలో మనసును కుంగదీస్తోందని తెలిసినప్పుడు ఆ సంగతి దాచలేదు. అంతకంటే మంచి మందులు వచ్చాక దాని వాడకం తగ్గించారు. నాటు మందైనా, ఇంగ్లీషు మందైనా గౌరవం ఇలాగే సంపాదించుకోవాలి. "మా తాతల కాలం నుంచీ ఉంది" అన్న మాట పరీక్ష మొదలుపెట్టడానికి మంచి కారణం. పరీక్ష అక్కర్లేదనడానికి మాత్రం అది కారణం కాదు.

మందులు కాని పద్ధతుల్లోనూ మేలు చేసేవి ఉన్నాయి. చాలాకాలంగా నడుము నొప్పితో బాధపడేవారికి యోగాసనాలు కొంత ఉపశమనం ఇస్తాయి. వేడి కాపడం, మర్దన కండరాల నొప్పిని తగ్గిస్తాయి. కాన్సరు ముదిరినవారికి చివరి రోజుల్లో మృదువైన స్పర్శ, సంగీతం, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఎంత హాయినిస్తారో నర్సులను అడగండి. వీటిని వైద్యానికి తోడుగా వాడుకుంటే మాకు అభ్యంతరం లేదు. వైద్యానికి బదులుగా అమ్మినప్పుడే కష్టం వస్తుంది.

జనం ఎందుకు వెళుతున్నారు?

పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లో రోగి పొద్దున్నే వచ్చి చీటీ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు. డాక్టరు గారి దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. అదే మూలికా వైద్యుడైతే "రండి పెద్దమ్మా, కూర్చోండి" అంటాడు. నాడి పట్టుకుంటాడు. ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా, కొడుకు డబ్బు పంపుతున్నాడా అని అడుగుతాడు. ఆ పెద్దమ్మకు మందు తీసుకోకముందే సగం బరువు దిగుతుంది.

ఈ రంగంలోకి రావాలనుకునే యువతకు మేము చెప్పేది ఇదే. మీ అసలు పెట్టుబడి మీరిచ్చే సమయం, మీరు వినే ఓపిక. దాని విలువ తక్కువ కాదు. అయితే ఆ ఓపిక చూసి కలిగిన నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని పనికిరాని డబ్బాను నాలుగు రెట్ల ధరకు అంటగడితే, అది ఆ పెద్దమ్మను రెండుసార్లు మోసం చేసినట్లు.

మొదటి ప్రశ్న: చదువు

వైద్యం చేయాలంటే చదువు కావాలి. ఆయుర్వేదానికి బి.ఎ.ఎం.ఎస్., హోమియోకు బి.హెచ్.ఎం.ఎస్., యునానికి బి.యు.ఎం.ఎస్., ప్రకృతి వైద్యం, యోగాలకు బి.ఎన్.వై.ఎస్. ఇవన్నీ ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల కోర్సులు. ఆయుర్వేదం, హోమియో, యునాని కోర్సుల్లో చేరాలంటే ఇప్పుడు నీట్ పరీక్ష కూడా రాయాలి. మన తెలుగు రాష్ట్రాల్లో వీటికి పేరున్న ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. ఆయుర్వేదానికి హైదరాబాద్, విజయవాడ, వరంగల్‌లలో, హోమియోకు గుడివాడ, రాజమండ్రి, హైదరాబాద్‌లలో, యునానికి కర్నూలులో, ప్రకృతి వైద్యానికి హైదరాబాద్‌లో ఉన్నాయి. ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదని నిరాశపడే పిల్లలు ఈ దారిని గౌరవంగా ఆలోచించవచ్చు. 2020లో పార్లమెంటు చేసిన రెండు చట్టాలతో భారతీయ వైద్య పద్ధతులకు ఒక జాతీయ కమిషను, హోమియోకు మరొక కమిషను ఏర్పడ్డాయి. చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషను చేయించుకుంటేనే వైద్యుడిగా పనిచేసే హక్కు వస్తుంది.

ఇక రెండో రకం సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడు శని, ఆదివారాల శిక్షణ, ఫీజు కట్టగానే బంగారు రంగు అక్షరాల పత్రం, పేరుకు ముందు "డాక్టర్" పెట్టుకోవచ్చన్న భరోసా. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించవచ్చుగానీ, కామెర్లు వచ్చిన మనిషిని చూసి కాలేయం చెడిందా, పిత్తాశయంలో రాయి అడ్డుపడిందా అని చెప్పే జ్ఞానాన్ని అది ఇవ్వదు. డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఈ పత్రంతో ఏ కౌన్సిల్‌లో రిజిస్టరు కావచ్చో రాసిమ్మని ఆ సంస్థను అడగండి. రాసివ్వకపోతే మీ జవాబు మీకు దొరికినట్లే.

చదువు ఉన్నవారికి కూడా ఒక హద్దు ఉంది. హోమియో చదివిన ఒక వైద్యుడు అల్లోపతి మందులు ఇవ్వగా రోగి మరణించిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక పద్ధతిలో జ్ఞానం లేకుండా ఆ పద్ధతిలో వైద్యం చేసేవాడు నాటు వైద్యుడి కిందే లెక్క అని గట్టిగా చెప్పి, ఆ కుటుంబానికి మూడు లక్షల రూపాయలు నష్టపరిహారం ఇప్పించింది. బయట మూలికా వైద్యం బోర్డు, లోపల స్టెరాయిడు ఇంజెక్షను అన్న పద్ధతి మన పల్లెలకు కొత్త కాదు. మొదటి రోజు నొప్పి మాయమవుతుంది గనుక పేరు త్వరగా వస్తుంది. నష్టం నెలల తరువాత బయటపడుతుంది.

రెండో ప్రశ్న: సరుకు

ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. ఇంట్లో నూరి, డబ్బాలో పోసి, చీటీ అంటించి అమ్మడం కుదరదు. లైసెన్సు ఉన్న కంపెనీ మందును తెచ్చి అమ్మడానికి మాత్రం వేరే మందుల లైసెన్సు అడగరు. హోమియో మందులు అమ్మాలంటే చిల్లర దుకాణానికి కూడా ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే 20-సి లైసెన్సు కావాలి. ఆరోగ్య పొడులు, పోషక మాత్రలు చట్టం దృష్టిలో మందులు కావు, ఆహారం. వాటికి ఆహార భద్రతా సంస్థ నంబరు ఉండాలి. వాటి డబ్బా మీద, ఇది ఔషధంగా వాడటానికి కాదు అని రాసి ఉంటుంది. చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది. చత్వారం ఉన్న పెద్దవాళ్లకు దయచేసి అది చదివి వినిపించండి. డబ్బా మీద ఆ మాట ఉండి, అమ్మే మనిషి "దీంతో షుగరు పోతుంది" అంటే, ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నట్లు.

ప్రకటనల సంగతి కూడా తెలుసుకోవాలి. 1954లో వచ్చిన ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం జతపరిచిన జాబితాలో 54 జబ్బులు, బాధలు ఉన్నాయి. షుగరు, కాన్సరు, బి.పి., గుండె జబ్బులు, మూర్ఛ, పక్షవాతం, క్షయ, కుష్ఠు, బొల్లి, ఊబకాయం, స్త్రీలలో సంతానలేమి, చివరికి ఎత్తు పెరగడం కూడా అందులో ఉన్నాయి. వీటిని నయం చేస్తామని బోర్డు రాయడం, కరపత్రం పంచడం నేరం. మన బస్టాండు గోడలు, రైల్వే గేట్ల దగ్గరి గోడలు చూస్తే ఈ చట్టం ఉన్నట్లే అనిపించదు. గోడ మీద రాసినవాడు పట్టుబడలేదు గనుక మనమూ రాయవచ్చనుకునే యువకుడు, కేసు పడిన రోజున ఒంటరివాడవుతాడు.

చెట్టు మందు గనుక హాని లేదా?

"పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు, హాని అయితే లేదు కదా" అన్న మాట మేము తరచు వింటాము. దీనికి జవాబుగా ఒక వ్యాపారం కథ చెబుతాము. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్కు ఉండేది. 1990 ప్రాంతంలో అక్కడి మాత్రల్లో చైనా మూలికలు కొన్ని కొత్తగా కలిపారు. ఒక మూలిక స్థానంలో, పేరులో పోలిక వల్ల, మరొక మొక్క వచ్చి చేరింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది. 1993లో ఈ విషయం మొదట బయటపడింది. మొత్తం మీద వంద మందికి పైగా స్త్రీలకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎందరికో డయాలసిస్ గానీ, కిడ్నీ మార్పిడి గానీ చేయవలసి వచ్చింది. తరువాతి ఏళ్లలో కొందరికి మూత్రనాళాల్లో కాన్సరు కూడా కనిపించింది. ఎవరూ కావాలని విషం కలపలేదు. సరుకు ఎక్కడిదో, ఏమిటో పరీక్షించే ఏర్పాటు లేదు, అంతే. ఆ జాతి మొక్క మన అడవుల్లోనూ ఉంది. మనవాళ్లు దానిని ఈశ్వరి అంటారు.

లోహాల సంగతి మరొకటి. 2004లో అమెరికా వైద్యపత్రిక ఒకటి ప్రచురించిన పరిశోధనలో, బోస్టన్ పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికర స్థాయిలో ఉంది. అన్ని మందులూ అలాంటివని దీని అర్థం కాదు. 70లో 56 శుభ్రంగానే ఉన్నాయి. ఏది ఏదో డబ్బా చూసి చెప్పలేకపోవడమే ఇబ్బంది. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు. 2021లో ముంబయి వైద్యులు అది వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. ఈ వాదం ఎటు తేలినా, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా ఏ కషాయమూ నెలల తరబడి తాగకూడదన్నది మాత్రం ఎవరూ కాదనరు.

మన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2021 మే నెలలో అక్కడి మూలికా మందు కోసం వేలమంది ఎగబడ్డారు. దానికి డబ్బు కూడా తీసుకోలేదు. ప్రభుత్వం పరిశీలన చేయించి, కంటి చుక్కలు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ మందుతో కరోనా తగ్గుతుందన్న రుజువు లేదని, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపవద్దని చెప్పింది. ఉచితంగా ఇచ్చిన మందుకే ఇంత పరిశీలన అవసరమైతే, లాభం కోసం అమ్మే మందుకు ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

వీటన్నిటికంటే పెద్ద హాని మందులో ఉండదు, మాటలో ఉంటుంది. "ఇది వాడండి, ఆ ఇంగ్లీషు మందులు ఆపేయండి" అన్న ఒక్క మాట. చిన్నతనంలోనే షుగరు వచ్చిన పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లోవారికీ అంటుకుంటుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. రొమ్ములో చిన్న గడ్డగా ఉన్నప్పుడు ఆపరేషనుతో పోయే కాన్సరు, పసర్లు పూస్తూ ఏడాది గడిపితే చెయ్యి దాటిపోతుంది. అక్కడ రోగి పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాదు, కాలం. మేము ఎంత ప్రయత్నించినా దాన్ని తిరిగి తెచ్చి ఇవ్వలేము.

గొలుసు వ్యాపారం వద్దు

"మీరు చేరండి, మీ కింద ఆరుగురిని చేర్పించండి, వాళ్లు మరో ఆరుగురిని" అనే పథకాలు ఆరోగ్య పొడుల పేరుతో మన సంఘాల్లోకి కూడా వస్తున్నాయి. లెక్క చేసి చూడండి. ఆరుగురు ఆరుగురిని చేర్చుకుంటూ పోతే ఎనిమిదో మెట్టు దగ్గర 16,79,616 మంది కావాలి. అంతమంది ఏ జిల్లా కేంద్రంలో దొరుకుతారు? పైన ముందు చేరినవారికి డబ్బు వస్తుంది, కింద చివరగా చేరినవారి మంచం కింద డబ్బాలు మిగులుతాయి. ఆ చివర ఉండేది ఎక్కువగా వితంతువులు, పొదుపు సంఘాల స్త్రీలు, నిరుద్యోగులు.

ఇలాంటి పిరమిడ్ పథకాలను 2021 చివర వచ్చిన ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు నిషేధించాయి. డబ్బు తిప్పే పథకాల మీద 1978 నుంచే చట్టం ఉంది. మీరు గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆదాయం సరుకు అమ్మితే వస్తుందా, మనుషులను చేర్చితే వస్తుందా? మనుషులను చేర్చితే అని జవాబు వస్తే లేచి వచ్చేయండి.

మరొక బాధ కూడా ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక పలకరించడానికి వచ్చిన అక్క, చేతిసంచిలోంచి డబ్బా తీస్తే కాదనడం కష్టం. కాదంటే బంధుత్వం చెడుతుంది, ఔనంటే బియ్యం డబ్బు పోతుంది. సంఘంలో ఉండే ప్రేమను వ్యాపారానికి మెట్టుగా వాడుకోవడం మాకు నచ్చదు. కాపరులు, పెద్దలు కూడా ఆరాధన స్థలంలో ఇలాంటి అమ్మకాలకు అవకాశం ఇవ్వకుండా ఉంటే మంచిదని మనవి.

అప్పు మనిషి చేత అబద్ధం చెప్పిస్తుంది

ఈ వ్యాపారంలోకి వచ్చే యువకులు చెడ్డవారని మేము అనుకోవడం లేదు. చాలామంది మంచి మనసుతోనే మొదలుపెడతారు. ఒక అబ్బాయి నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చి సెంటరు తెరిచాడనుకోండి. నెలకు వడ్డీయే ఆరు వేలు. దాని మీద అద్దె, కరెంటు బిల్లు, బోర్డు ఖర్చు, మనిషి జీతం. నెలాఖరుకు ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, మూడు నెలలు వాడాను, మోకాలు నొప్పి తగ్గలేదు" అంటాడు. "ఇక ఇది మీకు పనిచేయదు తాతా, ఎముకల డాక్టరుకు చూపించుకోండి" అని చెప్పాలని ఆ అబ్బాయికి తెలుసు. కానీ అయిదో తారీకున వడ్డీవాడు వస్తాడు. అందుకని "ఇంకో రెండు నెలలు వాడండి, లోపలి వేడి పోవాలి" అంటాడు. మొదటి అబద్ధం అలా పుడుతుంది. అది దురాశ నుంచి పుట్టలేదు, వడ్డీ నుంచి పుట్టింది.

అందుకే తల్లిదండ్రులకు మా సలహా. బంగారం కుదువపెట్టి, పొలం తాకట్టుపెట్టి ఈ వ్యాపారం పెట్టించవద్దు. చిన్నగా, సొంత డబ్బుతో, పోయినా తట్టుకోగలిగినంతే పెట్టండి. రుసుము మందు మీద కాకుండా మీరిచ్చే సమయం మీద, చేసే పని మీద పెట్టుకోండి. గంట మర్దనకు ఇంత, యోగా తరగతికి నెలకు ఇంత అని బోర్డు మీద రాయండి. మందు చెప్పే మనిషే దాన్ని అమ్మి లాభం పొందితే ఎంత మంచివాడికైనా శోధన తప్పదు. ఈ మాట మూలికల దుకాణానికే కాదు, కమీషన్లు తీసుకునే ఏ ఆసుపత్రికైనా వర్తిస్తుంది.

అయిదున్నరేళ్ల చదువు వీలుకానివారికి దారే లేదా? ఉంది. సరైన శిక్షణ తీసుకుని యోగా నేర్పవచ్చు. మంచం పట్టిన పెద్దలకు ఇంటి దగ్గర సేవ చేసే మనిషికి ఈనాడు ప్రతి ఊళ్లోనూ అవసరం ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న ఇళ్లు ఎన్నో. రాగులు, కొర్రలు, జొన్నలు శుభ్రం చేసి పిండి పట్టించి, మందు అని చెప్పకుండా, మంచి తిండి అని చెప్పి అమ్మవచ్చు. పొలం ఉన్నవారు ఔషధ మొక్కలు పెంచవచ్చు. కర్నూలు, అనంతపురం వైపు అశ్వగంధ పండిస్తున్నారు. 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఈ సాగును ప్రోత్సహిస్తోంది. అయితే కొనేవారెవరో తెలుసుకున్నాకే విత్తనం వేయండి.

తెరవబోయేవారు తమను తాము అడగవలసినవి

1. నేను చేయబోయే పనికి చట్టం ఒప్పుకునే చదువు, రిజిస్ట్రేషను నాకు ఉన్నాయా? నా సెంటరు గురించి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకున్నానా?

2. నేను అమ్మే ప్రతి డబ్బా మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్నాయా?

3. జబ్బు నయం చేస్తానని బోర్డు మీద గానీ, నోటితో గానీ హామీ ఇస్తున్నానా?

4. డాక్టరు ఇచ్చిన మందు ఆపమని ఎవరికైనా చెబుతున్నానా?

5. వచ్చినవారి పేరు, బాధ, నేను ఇచ్చినది, దాని ఫలితం పుస్తకంలో రాస్తున్నానా? పనిచేయని సంగతి కూడా రాస్తున్నానా?

6. ఎవరిని వెంటనే ఆసుపత్రికి పంపాలో నాకు తెలుసా? రెండు వారాలు దాటిన దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం పడటం, కొత్తగా వచ్చిన గడ్డ, కళ్లు పచ్చబడటం, ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, పాము కాటు, పాలు తాగని పసిబిడ్డ. వీటిలో ఏది కనిపించినా ఆ మనిషిని కూర్చోబెట్టి మందు ఇవ్వకూడదు, వాహనం పిలవాలి.

7. ఇదే మందు, ఇదే ధరకు, మా అమ్మకు అమ్ముతానా?

ఏడింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగిన యువకుడు, యువతి దుకాణం తెరవవచ్చు. మేము కూడా సంతోషిస్తాము.

రోగులకు, ఇంటివారికి

మీరు ఆయుర్వేదం వాడుతున్నా, హోమియో వాడుతున్నా, పక్క ఊరి పసరు తాగుతున్నా మా దగ్గర దాచవద్దు. కోప్పడతారని చాలామంది చెప్పరు. ఆ డబ్బాలు, పొట్లాలు, సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని ఓ.పి.కి తీసుకురండి. కొన్ని మూలికలు రక్తం పలచబరిచే మందులతో, షుగరు మాత్రలతో కలిస్తే ఇబ్బంది పెడతాయి. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పేరు లేని మాత్రతో ఒక్క రోజులో కీళ్ల నొప్పి, ఉబ్బసం మాయమైతే సంతోషపడే ముందు అనుమానించండి. అందులో స్టెరాయిడు ఉండవచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగరు పెరగడం దాని గుర్తులు. అలాంటి మందు ఎక్కువ రోజులు వాడి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, అది కూడా ప్రమాదమే. వచ్చి చూపించుకోండి.

ఏ వైద్యం చేసినా, ఏ మందు అమ్మినా ఒక మంచి వైద్యుడిని గుర్తుపట్టే మాట ఒకటుంది. "ఇది నా చేతిలో పని కాదు, ఆలస్యం చేయకుండా వెళ్లండి" అనగలగడం. ఆ మాట వల్ల ఆ రోజు గల్లాపెట్టెలో నాలుగు నోట్లు తగ్గవచ్చు. కానీ ఆ మాట విని సమయానికి వెళ్లి బతికి వచ్చిన మనిషి ఊరంతా తిరిగి మీ పేరు చెబుతాడు. ఈ పనిలోకి దిగే మన పిల్లలు అలాంటి పేరు తెచ్చుకోవాలని, వారి చేతుల్లోకి వచ్చే ఏ రోగికీ కాలం వృథా కాకూడదని మా కోరిక.